హౌజులో మూడో తాబేలు

వికారాబాదు,
18-5-1958

వదినకు,

ఈ రోజు పనులు: బావి నుంచి నీళ్లు పద్నాలుగు బిందెలు. కందులు విసిరి, చెరిగి, పొట్టు గేదెకు. మిరపకాయలు తొడిమలు తీసి ఎండకు పోయడం. తొక్కుకు మామిడికాయలు కోయడం. బొంత కుట్టడం, సగం మిగిలింది. చివర ఈ ఉత్తరం.

దీన్ని తెచ్చే మా ఆయన చేతిలో మూత కట్టిన గంప ఉంటుంది. అందులో తడిగోనె, గోనె కింద మా బావిలో తాబేలు. భయపడకుండా తీసుకోండి. మా వాడలో బావి నీళ్లతో నారికురుపులు ఎక్కువయ్యాయని బావులన్నిటిలో మందు వేస్తున్నారు. ఒకసారి కాదు, రెండు నెలలకోసారి వేస్తారట. బావి తవ్విన ఏడు ఇది కుంటలో దొరికితే తెచ్చి వదిలాం. నీళ్లు తేటగా ఉంటాయని అందరూ అన్నారు, ఉన్నాయి కూడా. పదకొండేళ్లు ఒంటరిగానే ఉంది. ఇప్పుడు కుంటలో వదులుదామంటే నీళ్లు లేవు.

అన్న బండల కార్ఖానా వెనకాల హౌజులో మీకు ఎలాగూ రెండు తాబేళ్లు ఉన్నాయి కదా. మూడోది కలిస్తే వాటికీ కాలక్షేపం. మా మైసమ్మను మీ జంగప్పకు ఇచ్చి ఏడాది అయింది. ఇప్పుడు తాబేలును కూడా మీ ఇంటికే ఇస్తున్నాను అనుకోండి. దీనికి పెట్టుపోతలు అడగకూడదు.

కాశమ్మ

*

తాండూరు,
1-6-1958

కాశమ్మకు,

నాగవ్వ చెబుతున్నది, మైసమ్మ రాస్తున్నది. జంగప్పకు తీరిక దొరకక ఇదివరకు కార్ఖానా గుమాస్తాతో రాయించేదాన్ని. వాడు నా మాట సగం, తన మాట సగం కలిపేవాడు. ఇంట్లోకి చదువుకున్న కోడలు వచ్చింది, ఇక నేను చెప్పింది చెప్పినట్టు నీకు వస్తుంది.

గంప విప్పగానే మీ అన్న నవ్వాడు. “ఒక్క కోడలు సాలదని ఇంకొకదాన్ని పంపిందా మా చెల్లె?” అన్నాడు. ఆయనే స్వయంగా హౌజులో వదిలాడు. హౌజు నీకు తెలిసిందే. నడుము లోతు, అడుగూ గోడలూ అంతా మన బండే. నడుమ ఏటవాలుగా ఒక బండ వేయించాడు, అవి ఎక్కి ఎండకు కూర్చోవడానికి. మా రెండూ గనిగుంతలో నీళ్లు నిలిచినప్పుడు దొరికినవి. నల్లటి గట్టి చిప్ప. నీది వేరే తీరుగా ఉంది. చిప్ప అంచులు మెత్తగా ఉన్నాయి, మెడ జానెడు బయటికి చాపుతుంది. వచ్చిన రోజంతా అడుగున మూల నుంచి మూలకు తిరిగింది.

వీటికి మేత వేసేది మా పెద్దకోడలు ఎంకమ్మే. ఈ ఇంటికి వచ్చిన పదేళ్ల నుంచీ ఆమె పనే అది. గరిటెతో బండ మీద కొడితే చాలు, రెండూ పైకి వస్తాయి. నీది ఇంకా ఆ చప్పుడుకు అలవాటు పడలేదు. పడుతుంది.

నాగవ్వ

*

వికారాబాదు,
9-6-1958

వదినకు,

ఉత్తరం అందింది. మా దానికి అన్నం మెతుకులు పెట్టవద్దు, తినదు, నీళ్లు చెడతాయి. నత్తలు, ఎర్రలు, చిన్న చేపపిల్లలు ఉంటే చాలు. రోజు విడిచి రోజు పెట్టినా సరిపోతుంది. హౌజు కడిగేటప్పుడు నీళ్లన్నీ ఒకేసారి మార్చవద్దు. సగం తీసి సగం పోయించండి.

మైసమ్మా, దీన్ని చదివి వినిపించేది నువ్వే కాబట్టి ఈ ముక్క నీకు. ఉత్తరం నిండా తాబేళ్లే ఉన్నాయి, నువ్వు ఎక్కడా లేవు. అత్త చెప్పకపోయినా నీ గురించి ఒక మాట రాయవచ్చు.

కాశమ్మ

*

తాండూరు,
7-7-1958

కాశమ్మకు,

వానలు బాగా పడ్డాయి. హౌజు నిండింది. అయితే తాబేళ్లు మూడింటికీ పడటం లేదు. మొన్న ఒకటి ఇంకొకదాని వెనక కాలు పట్టుకుని ఎంతకూ వదలలేదు. ఎంకమ్మ కట్టెపుల్ల దూర్చి విడిపించింది. కాలు వాచింది. పసుపు పెట్టి, ఒక రోజు నీడన పొడిగా ఉంచి మళ్లీ వదిలాం. మేత వేస్తే ఒక్కటే ముందు వచ్చి అంతా తింటున్నది. ఏటవాలు బండ మీదికి ఎక్కనీయకుండా కిందనే అడ్డం పడుతున్నది. కొత్తది వచ్చినప్పటి నుంచే ఈ గొడవ. అంతకుముందు ఇట్లాంటిది ఎప్పుడూ చూడలేదు.

ఒక్కచోట ఉంచాలా, విడదీయాలా? నీకు తెలిసింది రాయి. మైసమ్మ బాగానే ఉన్నది.

నాగవ్వ

*

వికారాబాదు,
12-7-1958

మైసమ్మకు,

ధాన్యం గంజులో మీ నాయనతో కాంటా పని చేసే బాల్‌రాజ్ కందుల బస్తాల లెక్కకు తాండూరు వస్తున్నాడు. ఈ చీటీ అతని చేతికి ఇచ్చాను. చదివి పొయ్యిలో వేయి.

మీ అత్త చెప్పగా నువ్వు రాసిన ఉత్తరం మూడుసార్లు చదివాను. ఏది ఏదాన్ని కరిచిందో అందులో లేదు. పేరు లేకుండా ఎందుకు రాశావో నాకు అర్థమైంది. మన రెండిళ్లలో ఎవరూ ఏదీ సూటిగా చెప్పరు. మీ అత్తకు ఎడ్లబండి ఇవ్వడం ఇష్టం లేని ఏడు ఎద్దు గిట్టల గురించి అర పేజీ రాయించింది. అందరి ముందూ కూర్చుని రాసే ఉత్తరంలో నీ సంగతి చెప్పుకోవడానికి నీకు తాబేళ్లు తప్ప ఏమి దొరుకుతాయి?

అన్నం దగ్గర నీకు మిగలడం లేదా? ఇంట్లో నీకు కూర్చునే చోటు లేదా? ఎంకమ్మ పదేళ్లుగా ఉన్న మనిషి, ఆమె మాట చెల్లుతుందని తెలుసు. నేను అనుకున్నది తప్పయితే బాల్‌రాజ్‌తో ‘కాదు’ అని ఒక్క మాట చెప్పి పంపు. నిజమైతే ఏమీ చెప్పవద్దు. నాకు తెలిసిపోతుంది.

అమ్మ

*

వికారాబాదు,
16-7-1958

వదినకు,

మీరు అడిగినదానికి జవాబు. పడనివాటిని ఒక్కచోట ఉంచవద్దు. కొత్తగా వచ్చినది చోటు తెలియక బెదిరి ఉంటుంది. దానిది దానికి వేరుగా పెట్టండి, ముందుగా పెట్టండి. పాతవాటికి ఇన్నేళ్లూ చోటంతా తమదే అయింది కాబట్టి వాటికి కొంచెం కష్టంగానే ఉంటుంది. పెద్దవాళ్లు మీరే చూసుకోవాలి. దెబ్బ తగిలాక పసుపు పెట్టడం కంటే తగలకుండా చూడటం మేలు.

ఇక్కడ బావిలో మందు వేశారు. నీళ్లు రెండు రోజులు వాసన వచ్చాయి, ఇప్పుడు లేదు.

కాశమ్మ

*

తాండూరు,
28-7-1958

కాశమ్మకు,

నువ్వు రాసినట్టే చేశాము. మీ అన్న నిన్న నడుమ ఒక బండ నిలబెట్టించి వేరు చేశాడు. ఇప్పుడు ఎవరి చోటు వారిది, ఎవరి మేత వారిది. కొత్తది మూలన ఉంటున్నది. మేత వేసినా తినడం తగ్గించింది. రాత్రీ పగలూ గోడను గీకుతున్నది. వేరు పెట్టడమైతే పెట్టాం గాని నా మనసుకు బాగా లేదు. కలిసి ఉంటాయనే కదా నువ్వు పంపింది.

నాగవ్వ

*

తాండూరు,
12-8-1958

కాశమ్మకు,

ఈసారి రాస్తున్నది జంగప్ప. ఎందుకో నీకు తెలుసు.

మొన్న పొద్దుటి రైలుబండికి మీ ఆయన అంజిలయ్యన్న దిగాడు. చెప్పకుండా వచ్చినా సంతోషపడ్డాము. ఎంకమ్మ కోడిని కోయించింది, నేను ఎసరు పెట్టాను. ఆయన హౌజు దగ్గరి అరుగు మీద కూర్చున్నాడు. ఏమన్నా అడిగితే సరిగా పలకలేదు. “మైసమ్మను తోల్కపోత. సామాను సర్దుకోమనుండ్రి” అన్నాడు. ఎందుకని మీ అన్న అడిగితే “మీకు ఎర్కలేదా బావా?” అన్నాడు. మాకు ఏమీ తెలియదు. మైసమ్మ ఒక్క మాట అడగకుండా లోపలికి పోయి మూట కట్టుకుంది. అన్నం వడ్డించిన విస్తరి ముందు నుంచి ఆయన లేచాడు. మంచినీళ్లు మాత్రం తాగి పగటి బండికి తీసుకుపోయాడు.

చెల్లెలి మగడు మీ అన్న ఇంట్లో విస్తరి ముందు నుంచి లేచి పోవడం ఇదే మొదలు. వాడకట్టు అంతా చూసింది. మీ అన్న అప్పటి నుంచి ఒకటే మాట అంటున్నాడు: “బువ్వ ముట్టకుండ పిల్లను తోల్కపోయిండు. ఇగ ఆ పిల్ల ఆడనే ఉండనీ.” ఆయన మాట తిరగదని నీకు తెలుసు. పిల్ల కాపురం ఏమవుతుందోనని నాకు భయంగా ఉంది.

నిన్న బస్తాల లెక్కకు వచ్చిన బాల్‌రాజ్ చెబితే విన్నాను, నువ్వు తాబేళ్ల మాటను మైసమ్మ మాటగా చదివావని అంజిలయ్యన్న అతనితో అన్నాడట. ఆ రోజు నేను ఏమి రాయమన్నానో జంగప్ప కూడా విన్నాడు, అడుగు. “మీ ఇంటి నుంచి వచ్చిందే కరుస్తున్నదని రాయి” అన్నాను. కరిచింది మీ తాబేలు. వాచింది మా ముసలి తాబేలు కాలు. నీ బిడ్డ అది రాసిందో లేదో చూసుకోవడానికి నాకు చదువు రాదు.

అడిగావు కాబట్టి ఇంటి సంగతీ చెబుతున్నాను, ఇప్పుడు మాత్రం తాబేళ్ల పేరు పెట్టకుండా. మైసమ్మ వచ్చినప్పటి నుంచి పొద్దున్నే గిద్దెతో నూనె కొలిచి ఎంకమ్మ చేతికి ఇస్తున్నది. పదేళ్లుగా ఆ పొయ్యి మీద వండుతున్న మనిషి అది తీసుకుని ఏమీ అనకుండా వండుతున్నది. నేను చూస్తూ ఊరుకున్నాను, నాదీ తప్పే.

నాగవ్వ

అత్తా, ఇది నేను సొంతంగా రాస్తున్న. అమ్మకు చదివి వినిపించలేదు. మైసమ్మను ఎప్పుడు పంపుతరో రాయండి. నాయనను నేను అడగలేను. – జంగప్ప

*

వికారాబాదు,
20-8-1958

వదినకు,

మీ ఉత్తరం వచ్చిన రోజే మైసమ్మకు చదివి వినిపించాను. ఆమె చాట పక్కన పెట్టి విన్నది. ఏమి జరిగిందో అడిగి తెలుసుకున్నది రాస్తున్నాను.

మీరు చెప్పిన మాట ఆమె రాయలేదు. మీ ఇంటి నుంచి వచ్చిందే కరుస్తున్నదని మీరు అనగానే ఎంకమ్మ నవ్విందట, ఆమె మగడు మొగులప్ప కూడా నవ్వాడట. తనను చూసే నవ్వారని అనుకుని ‘ఒకటి ఇంకొకదాన్ని’ అని రాసింది. చీటీకి ‘కాదు’ అని ఎందుకు చెప్పి పంపలేదని అడిగాను. చాట మళ్లీ చేతిలోకి తీసుకుంది. తరువాత “ఒక్కపారి ఇంటికి రాబుద్దయింది అవ్వ. నాయన వస్తే వస్తడనుకున్న. అన్నం తినకుండ లేస్తడని నాకేం ఎర్క?” అన్నది. అంత చిన్న కోరికకు అంత పెద్ద చప్పుడు అయింది.

ఆమె ఏమీ చెప్పకపోవడాన్ని నిజమని తీసుకున్నది నేను. ఆ పైన మీరు వేరు పెట్టామని రాస్తే, వేరు పొయ్యి పెట్టారని చదువుకున్నాను. ఆయనకు అలాగే చెప్పాను. అందుకే ఆయన అన్నం ముందు నుంచి లేచాడు. వాళ్ల పొయ్యి వేరు, వీళ్ల పొయ్యి వేరు అయితే ఏ పొయ్యి అన్నం తినాలని ఆయన అనుకున్నాడు. తప్పు ఆయనది కాదు.

నూనె గురించి. గిద్దెతో కొలిచి వాడటం ఆమె నా దగ్గర నేర్చుకుంది. ఈ ఇంట్లో వండేది నేనొక్కదాన్నే, కాబట్టి కొలిచేదీ నేనే, కొలత వల్ల ఎవరికీ ఏమీ కాలేదు. ఇంకొకరి చేతికి కొలిచి ఇస్తే అది వేరే అవుతుందని నేను ఆమెకు చెప్పలేదు. నాకు ఇద్దరు వండే ఇల్లు తెలియదు. మైసమ్మకు ఇప్పుడు చెప్పాను. ఆమెకు కోపం వచ్చింది, కానీ వాదించలేదు.

తాబేలు సంగతి మీరు చెప్పాక ఆలోచించాను. మా బావిలో అది ఒంటరిగా ఉన్నది కాబట్టి సాధువని అనుకున్నాం. దానికి కరవడానికి అక్కడ ఎవరూ లేరు. అన్న దాన్ని ఏమి చేయమన్నా నాకు సమ్మతమే. పిల్ల విషయం మాత్రం మీరు ఆయనతో మాట్లాడి ఏదో ఒకటి తెలియజేయండి. ఆమె నిన్నటి నుంచి గేటు దాకా పోయి వస్తున్నది, పోస్టు అతను వచ్చే వేళకు.

కాశమ్మ

*

తాండూరు,
3-9-1958

కాశమ్మకు,

జంగప్ప రాస్తున్నాడు. నీ ఉత్తరం మీ అన్నకు రెండుసార్లు చదివించాను. మొదటిసారి లేచి కార్ఖానాలోకి పోయాడు. రెండోసారి పూర్తిగా విన్నాడు. వేరు పొయ్యి అనుకున్న చోట మాత్రం నవ్వు ఆపుకున్నాడు, నేను చూశాను.

తాబేలు విషయం ముందు చెబుతాను. మీ అన్నకు పిల్ల మీద కోపం దాని మీదికి మళ్లింది. గోనెలో వేసి కాగ్నా నదిలో వదిలి రమ్మని మొగులప్పకు ఇచ్చాడు. ఎంకమ్మ వాకిట్లో అడ్డం నిలబడింది. మామ ముందు ఆమె నోరు విప్పడం నేను ఎన్నడూ చూడలేదు. “దాని తప్పేముంది? మా నవాబుపేట కుంటల గిసొంటివి బురదల మునిగి ఉంటయి, ముక్కొక్కటే పైకి పెడ్తయి. ఈడ అడుగంత బండనే. అది ఏడ తల దాసుకుంటది? తల దాసుకునే జాగ లేకుంటే నేనైనా కరుస్త” అన్నది. మీ అన్న గోనె దించమన్నాడు.

ఇప్పుడు పగిలిన బండలతో పక్కనే ఒక తొట్టి కట్టించాడు. అడుగున మూరెడు ఒండ్రుమట్టి, పైన నీళ్లు. దాన్ని వదిలిన ఘడియకే మట్టిలోకి దిగి కనిపించకుండా పోయింది. గోడ గీకడం ఆగిపోయింది. మా రెండూ మళ్లీ బండెక్కి ఎండకు కూర్చుంటున్నాయి. నడుమ బండ తీయించాము. ఒకటి ఎండ కోరేది, ఒకటి మట్టి కోరేది. రెంటినీ ఒక్క హౌజులో పెట్టి కాలక్షేపం అనుకోవడం మన ఇద్దరి తెలివి.

ఇక పిల్ల. మీ అన్న అన్న మాట తిరగదు. అయితే ఆయన అన్నది బువ్వ ముట్టకుండా తీసుకుపోయాడని. ముడితే ఆ మాట దానంతట అదే పోతుందని నేను చెప్పాను. ఆయన కాదనలేదు. అంజిలయ్యన్న మాకు ఒక పూట భోజనం బాకీ ఉన్నాడు. పిల్లను తీసుకుని వచ్చి అది తీర్చమను. ఎంకమ్మ వండుతుంది. నూనె ఎంత పోస్తుందో నేను చూడను.

నాగవ్వ

*

వికారాబాదు,
9-9-1958

వదినకు,

14వ తేదీ ఆదివారం పొద్దుటి బండికి ముగ్గురం వస్తున్నాం. ఆయన ముందు రాత్రి నుంచే ఉపవాసం ఉంటానంటున్నాడు, నేను వద్దన్నాను. మైసమ్మ మూట కట్టి నాలుగు రోజులైంది. ఆమెను మీరు ఏమన్నా పడుతుంది. ఎంకమ్మ ఏమన్నా పడాలని నేను చెప్పాను, దానికి మాత్రం “చూస్త” అన్నది.

కాశమ్మ

*

తాండూరు,
22-9-1958

కాశమ్మకు,

నాగవ్వ చెబుతున్నది, మైసమ్మ రాస్తున్నది. ఎంకమ్మ పక్కనే కూర్చున్నది. రాసిన ప్రతి ముక్కా ఆమెకు చదివి వినిపించాకే తరువాతి ముక్క రాయాలని నేను ఆజ్ఞ వేశాను. ఎంకమ్మకు అక్షరాలు రాకపోయినా మాట మారితే చెవికి తెలుస్తుంది.

మీరు పోయాక ఇక్కడ జరిగింది: మొదటి మూడు రోజులు ఇద్దరు కోడళ్లూ అవసరానికి మించి మాట్లాడుకోలేదు. నాలుగో రోజు మైసమ్మ గిద్దెను ఎంకమ్మకు ఇచ్చి “నువ్వే పెట్టుకో అక్క” అన్నది. ఎంకమ్మ దాన్ని తీసుకుని “నాకెందుకు? నా చెయ్యే నాకు గిద్దె” అని గూట్లో పెట్టింది. దానికి మైసమ్మ ముఖం చిన్నబోయింది. ఈ ముక్క రాసేటప్పుడు కూడా కలం ఆపింది. రాయి అన్నాను, రాసింది. అన్నీ ఒక్కరోజులో సర్దుకుంటాయని నేను అనుకోవడం లేదు. ఇద్దరికీ పొయ్యి ఒక్కటే గాని పూటలు పంచాను. పొద్దుట ఎంకమ్మ, రాత్రి మైసమ్మ. ఎవరి పూట వారి చేయి.

నీ తాబేలు మూడు రోజులకోసారి మెడ బయట పెడుతుంది. ఎర్రలు వేస్తే తింటుంది. ఎంకమ్మ గరిటె చప్పుడుకు రాదు, మైసమ్మ పిలిచినా రాదు. దానికి ఆకలైనప్పుడే వస్తుంది.

ఆ ఆదివారం సంగతి నీకు తెలిసిందే, అయినా కాగితం మీద ఉండాలని మీ అన్న అంటున్నాడు. అంజిలయ్యన్న చేతులు కడుక్కుని మీ అన్న పక్కనే కూర్చున్నాడు. ఎంకమ్మ నెయ్యి గిన్నె పట్టుకుని అంజిలయ్యన్న ముందుకు వచ్చి “మామా, గిద్దెతోని కొల్వనా?” అన్నది. ఎవరూ నవ్వలేదు. అందరూ మైసమ్మను చూశారు. మైసమ్మ తలవంచుకునే, “కొలిస్తే సాలది అక్క, గిన్నె బోర్లించు” అన్నది. అప్పుడు నవ్వారు. మీ అన్న అందరికంటే ముందు నవ్వాడు. అంజిలయ్యన్న రెండుసార్లు మారు వడ్డించుకున్నాడు, విస్తరిలో మెతుకు మిగల్చలేదు.

అవ్వా, భోజనం బాకీ తీరిందని రాయమని అత్త అన్నది. రాశాను.